హెచ్చరిక విన్నారు సరే, వెళ్ళడానికి చోటేది?

టోర్నడో, అంటే ఊళ్ళను ఊడ్చేసే సుడిగాలి, వచ్చిపోయిన మర్నాడు ఇక్కడ ఏ ఊళ్ళో నిలబడి విన్నా రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ నెలలో టోర్నడో ఏమిటి?" అన్నది ఒకటి. "హెచ్చరిక ఇచ్చారు కదా, ఎందుకు పట్టించుకోలేదు?" అన్నది రెండోది. మొదటిది ఆశ్చర్యం. రెండోది తీర్పు. చనిపోయినవాళ్ళ మీద బతికున్నవాళ్ళు ఇచ్చే ఆ తీర్పు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. నేను ఉండేది అమెరికా దక్షిణాదిన, టెన్నెస్సీ రాష్ట్రంలో. ఇక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన టోర్నడోల గురించి చదివాను, వాటి తర్వాత ఊళ్ళు ఎలా ఉంటాయో చూశాను. ఆ తీర్పు అన్యాయమని, దానివల్లే మళ్ళీ మళ్ళీ జనం పోతున్నారని నాకు గట్టి నమ్మకం.

2008 ఫిబ్రవరి 5, మంగళవారం. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక కోసం జనం ఓటేసిన రోజు. అమెరికన్లు సూపర్ ట్యూస్‌డే అంటారు. సాయంత్రం టీవీల్లో ఒబామా, హిల్లరీ క్లింటన్, మెకెయిన్‌ల లెక్కలు నడుస్తుండగానే ఆర్కన్సా, టెన్నెస్సీ, కెంటకీ, అలబామాల మీద టోర్నడోలు విరుచుకుపడ్డాయి. చివరికి తేలిన లెక్క 87 టోర్నడోలు, 57 మరణాలు. పోయినవాళ్ళలో సగానికి పైగా టెన్నెస్సీ వాళ్ళే. 1985 మే నెల తర్వాత అమెరికాలో ఒకే విడతలో టోర్నడోలకు అంతమంది బలైంది అదే మొదటిసారి. ఆర్కన్సాలో ఆట్కిన్స్ అనే ఊరి దగ్గర నేలను తాకిన ఒక టోర్నడో 122 మైళ్ళు నేల వదలకుండా పోయింది. హైదరాబాదు నుంచి కోదాడ దాటిపోయేంత దూరమది. టెన్నెస్సీలో కాస్టేలియన్ స్ప్రింగ్స్, లఫయెట్ ఊళ్ళ మీదుగా వెళ్ళిన ఇంకో టోర్నడో ఒక్కటే 22 మందిని పొట్టన పెట్టుకుంది. దారిలో ఉన్న గ్యాస్ పంపింగ్ కేంద్రం పేలితే ఆ మంట చాలా మైళ్ళ దూరానికి కనిపించింది. కాస్టేలియన్ స్ప్రింగ్స్‌లో ఏడాది నిండని బిడ్డ ఒకడు ఇంటికి దూరంగా పొలంలో ప్రాణాలతో దొరికాడు. అతని తల్లి బతకలేదు.

ఆ బిడ్డ కథ దేశమంతా తిరిగింది. అద్భుతం అన్నారు, దేవుడి దయ అన్నారు. ఆ కుటుంబానికి ఆ మాటలు ఎంత ఊరటనిచ్చాయో నేను ఊహించగలను, దాని మీద నాకు ఒక్క మాట కూడా అభ్యంతరం లేదు. కానీ తల్లి ఎందుకు చనిపోయింది అన్న ప్రశ్న ఆ అద్భుతం వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కడికి వెళ్ళి ఉంటే బతికేది? ఆ రాత్రి ఆ రోడ్డు మీద అలాంటి చోటు ఏదైనా ఉందా? ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ.

ముందు నెల సంగతి. టోర్నడో అనగానే అందరికీ గుర్తొచ్చేది ఓక్లహోమా, కాన్సాస్ మైదానాలు, ఏప్రిల్, మే నెలలు, చదునైన పొలాల అవతల దూరంగా కనిపించే నల్లటి స్తంభం. ఇక్కడ దక్షిణాదిన వచ్చేవి అలా ఉండవు. కొండలు, చెట్లు, వాన, వీటన్నిటి మధ్య అది కంటికే కనిపించదు. పైగా రాత్రిపూట వస్తుంది. ఫిబ్రవరిలో పై గాలుల ప్రవాహం, అదే జెట్ స్ట్రీమ్, ఏడాదిలోకెల్లా బలంగా ఉండే రోజులు. ఆ సమయంలో మెక్సికో గల్ఫ్ నుంచి వెచ్చటి తేమ గాలి పైకి తోసుకొచ్చిందంటే తుపాను మేఘాలు గంటకు యాభై, అరవై మైళ్ళ వేగంతో పరిగెడతాయి. మే నెలలో నింపాదిగా కదిలే మేఘం అరగంట ఇస్తే, ఫిబ్రవరి మేఘం అందులో సగం కూడా ఇవ్వదు. అంటే సీజన్ కాదని మనం నిశ్చింతగా ఉండే నెలల్లోనే తప్పించుకునే వ్యవధి తక్కువ.

ఇది కొత్తగా మొదలైందీ కాదు. 1884 ఫిబ్రవరి 19న ఆగ్నేయ రాష్ట్రాల్లో ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. 1971 ఫిబ్రవరి 21న మిసిసిపి డెల్టాలో ఒక్క మధ్యాహ్నం, సాయంత్రం కలిపి వంద మందికి పైగా చనిపోయారు. అయినా ప్రతిసారీ మొదటి మాట "ఈ నెలలోనా?" అనే. మనుషులకు తమ ఊరి చరిత్ర అంతగా గుర్తుండదు. డెబ్బై ఏళ్ళ మనిషి తన జీవితంలో తన ఇంటి మీదుగా టోర్నడో వెళ్ళడం ఒక్కసారీ చూసి ఉండకపోవచ్చు. ఆ ఆశ్చర్యాన్ని నేను తప్పు పట్టను. ఊరికి గుర్తులేనిది ప్రభుత్వానికీ, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకీ గుర్తుండాలి కదా అన్నదే నా బాధ.

వాతావరణ శాఖకైతే గుర్తుంది. 2008లో ఆ తుపాను వస్తోందని రోజుల ముందే చెప్పారు. ఆ రోజు ప్రమాద స్థాయిని తమ దగ్గరున్న అన్నిటికన్నా పై మెట్టు మీద పెట్టారు. టోర్నడోలు తాకక ముందు సగటున పావుగంటకు పైగా వ్యవధితో హెచ్చరికలు వెళ్ళాయి. ఆ శాస్త్రానికి అంతకన్నా గొప్పగా పనిచేయడం చాతకాదు. మరి 57 మంది ఎందుకు పోయారు? ఇక్కడే ఆ తీర్పు పుట్టుకొస్తుంది. చెప్పారు, వినలేదు, పోయారు అని.

తర్వాత వాతావరణ శాఖ వాళ్ళే బాధిత ప్రాంతాలకు వెళ్ళి జనంతో మాట్లాడారు. తేలిందేమిటంటే, చాలామంది విన్నారు. విన్నాక నిజమో కాదో చూసుకున్నారు. టీవీ పెట్టారు, చుట్టాలకు ఫోన్ చేశారు, బయటికెళ్ళి ఆకాశం చూశారు. కొందరు ఫిబ్రవరి కదా, ఏమీ కాదులే అనుకున్నారు. నివేదికలో ఇవన్నీ ఉన్నాయి. ఆ మాటల్నే బయట జనం "పట్టించుకోలేదు" అని కుదించి చెప్పుకున్నారు. ఒక్కసారి ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించండి. ఆ రోజుల్లో ఇచ్చే టోర్నడో హెచ్చరికలు నాలుగింట మూడు ఉత్తవే అయ్యేవి, టోర్నడో వచ్చేదే కాదు. హెచ్చరికను కౌంటీ మొత్తానికి కాకుండా తుపాను దారికి మాత్రమే ఇచ్చే పద్ధతి మొదలై అప్పటికి నాలుగైదు నెలలే అయింది. ఫోన్లకు నేరుగా వచ్చే అలర్టులు 2012 దాకా లేనే లేవు. ఊళ్ళో సైరన్ ఉందంటే అది బయట తిరిగేవాళ్ళ కోసం, తలుపులు వేసుకుని పడుకున్నవాళ్ళను లేపడానికి కాదు. ఇన్నిటి మధ్య ఒక మనిషి ఇంకొకరిని అడిగి నిర్ధారించుకోవడం నిర్లక్ష్యం ఎలా అవుతుంది? నేనైనా అదే చేస్తాను. మీరైనా అంతే.

సరే, నిర్ధారించుకున్నారు, నిజమేనని తేలింది. తర్వాతేమిటి?

ఆ రాత్రి పోయినవాళ్ళలో సగానికి పైగా మొబైల్ హోముల్లో ఉన్నవాళ్ళు. ఇండియాలో చదువుతున్నవాళ్ళ కోసం చెప్తున్నాను. ఇది ఫ్యాక్టరీలో తయారై, ట్రక్కు మీద వచ్చి, సిమెంటు దిమ్మెల మీద కూర్చునే ఇల్లు. కింద పునాది ఉండదు, ఇనుప పట్టీలతో నేలకు కడతారు. అవి తుప్పు పట్టి ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు కూడా. మామూలు ఇంటి పైకప్పు రేకులు మాత్రమే లేచే గాలికి ఇది ఇల్లు ఇల్లంతా దొర్లిపోతుంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే అధికారిక సలహా ఒక్కటే, ఇల్లు వదిలి దగ్గర్లోని గట్టి భవనంలోకి వెళ్ళమని. లఫయెట్ ఉన్న మేకన్ కౌంటీలో రాత్రి పది దాటాక, వానలో, కరెంటు పోయాక, పిల్లల్ని ఎత్తుకుని ఏ గట్టి భవనంలోకి వెళ్ళాలి? చర్చి తాళం వేసి ఉంటుంది. స్కూలు తాళం వేసి ఉంటుంది. పక్కిల్లు కూడా ట్రైలరే, అంటే మొబైల్ హోమే. కారెక్కితే రోడ్డు మీద టోర్నడోకి దొరికిపోవచ్చు. ఆ పావుగంట హెచ్చరిక ఆ కుటుంబానికి పావుగంట భయాన్ని ఇచ్చింది తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

అదే రాత్రి, అదే రాష్ట్రంలో, జాక్సన్ ఊళ్ళో యూనియన్ యూనివర్సిటీ మీదుగా ఈఎఫ్-4 టోర్నడో వెళ్ళింది. టోర్నడో బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలిచే ఈఎఫ్ స్కేలులో అది పై నుంచి రెండో మెట్టు. హాస్టళ్ళు నేలమట్టమయ్యాయి. కొందరు విద్యార్థులు గంటల తరబడి శిథిలాల కింద ఇరుక్కున్నారు. ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ చనిపోలేదు. ఆ ఫొటోలు చూస్తే నమ్మబుద్ధి కాదు. ఆ పిల్లలు లఫయెట్ జనం కన్నా తెలివైనవాళ్ళనా? జాగ్రత్తపరులనా? 2002 నవంబరులో అదే క్యాంపస్‌ను టోర్నడో తాకి ఉంది కాబట్టి యాజమాన్యానికి అనుభవం ఉంది. ఎవరు ఎటు పోవాలో ముందే అనుకుని ఉన్నారు. పై అంతస్తుల వాళ్ళని కింది అంతస్తు బాత్‌రూముల్లోకి పంపారు. హెచ్చరిక రాగానే కాళ్ళు వెళ్ళడానికి ఒక చోటు ఉంది, అంతే తేడా. రెండు వారాలకు క్లాసులు మళ్ళీ మొదలుపెట్టారు, ఇంకా కూలిన గోడలు తీయకముందే.

ఊరంతా కలిసి ఏడ్చిన తర్వాత ఆ ఏడుపు ఎటు మళ్ళుతుందన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. మూడు ఊళ్ళ గురించి చెప్తాను.

1994 మార్చి 27, అలబామాలో గోషెన్ అనే చోటున్న మెథడిస్టు చర్చి. మట్టలాదివారం, అంటే ఈస్టరుకు ముందు ఆదివారం. పిల్లలు నాటకం వేస్తున్నారు, చర్చి నిండా జనం. పైకప్పు కూలి 20 మంది పోయారు. వాళ్ళలో పాస్టరమ్మ నాలుగేళ్ళ కూతురు కూడా ఉంది. సరిగ్గా వారానికి, ఈస్టరు రోజు ఉదయం, ఆవిడే కూలిన ఆ చోట నిలబడి ప్రార్థన నడిపింది. గుడిలో ఉన్నవాళ్ళనే దేవుడు ఎందుకు తీసుకెళ్ళాడని దేశమంతా అడిగింది. పత్రికలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. కానీ హెచ్చరిక అప్పటికి పన్నెండు నిమిషాల ముందే వెళ్ళింది, చర్చిలో ఎవరికీ అది వినపడలేదు. ఆ తర్వాత ఉపాధ్యక్షుడు అల్ గోర్ చొరవతో, వాతావరణ హెచ్చరికలు ప్రసారం చేసే వెదర్ రేడియో ట్రాన్స్‌మిటర్లు పెంచారు. దుఃఖం ఒక పనిగా మారిందక్కడ. హెచ్చరిక అందనివాళ్ళకు అందేలా చేసింది. మంచిదే.

2007 మార్చి 1, అదే అలబామాలో ఎంటర్‌ప్రైజ్ హైస్కూలు. సైరన్లు మోగాయి, పిల్లల్ని వరండాల్లో గోడవారగా కూర్చోబెట్టారు. చెప్పినట్టే చేశారు. గోడ కూలి 8 మంది విద్యార్థులు చనిపోయారు. పొద్దున్నే ఇంటికి ఎందుకు పంపలేదని తల్లిదండ్రులు కొందరు అడిగారు. పిల్లను పోగొట్టుకున్న తండ్రి అలా అడగకుండా ఉండగలడా? అయితే అక్కడ జనం బడి పెద్దల మీద కోపం దగ్గరే ఆగిపోలేదు. మన బళ్ళలో టోర్నడోకి నిలబడే గది లేదన్న అసలు సంగతి దాకా వెళ్ళారు. కొత్తగా కట్టే ప్రభుత్వ బడి భవనాల్లో అలాంటి సేఫ్ స్పేస్ ఉండి తీరాలని 2010లో అలబామా చట్టం చేసింది. నాకు తెలిసి టోర్నడో తర్వాత ఒక సమాజం చేసుకున్న మంచి పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది.

2019 మార్చి 3, మళ్ళీ అలబామాయే, లీ కౌంటీలో బోరెగార్డ్. ఆదివారం మధ్యాహ్నం వచ్చిన ఈఎఫ్-4 టోర్నడో 23 మందిని చంపింది. ఎక్కువమంది మొబైల్ హోముల్లోనే. ఒకే కుటుంబంలో చాలామంది పోయిన ఇళ్ళున్నాయి. దాతృత్వం పోటెత్తింది. పోర్చ్ క్రీక్ అనే ఆదివాసీ తెగ వాళ్ళు ముందుకొచ్చి 23 మంది అంత్యక్రియల ఖర్చంతా తామే పెట్టుకున్నారు, లక్షా ఎనభై నాలుగు వేల డాలర్లు. ఇల్లినాయి నుంచి ఒక పెద్దాయన 23 శిలువలు చెక్కి లారీలో తెచ్చి చర్చి దగ్గర నాటాడు. దేశాధ్యక్షుడు వచ్చి వాటి ముందు నిలబడ్డాడు. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను తక్కువ చేయను. కానీ 2008లో టెన్నెస్సీలో ఎలాంటి ఇళ్ళలో మనుషులు పోయారో, పదకొండేళ్ళ తర్వాత అలాంటి ఇళ్ళలోనే మళ్ళీ పోయారు. పోయినవాళ్ళను గౌరవంగా సాగనంపడం మనకు బాగా వచ్చు. పోకుండా ఆపడానికి పట్టే డబ్బు దగ్గరికొచ్చేసరికి అందరం నేల చూపులు చూస్తాం.

సరిగ్గా ఏడాదికి మా వంతు వచ్చింది. 2020 మార్చి 2 అర్ధరాత్రి దాటాక నాష్‌విల్ మీదుగా టోర్నడో వెళ్ళింది. తెల్లారితే మళ్ళీ సూపర్ ట్యూస్‌డే. ఆ గాలివాన నుంచే పుట్టిన ఇంకో టోర్నడో రెండింటికి కాస్త ముందు కుక్‌విల్‌ని తాకి ఎనిమిది నిమిషాల్లో 19 మందిని చంపింది. వాళ్ళలో 5 మంది పిల్లలు. అప్పుడు మేం నాష్‌విల్ శివార్లలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. చెక్కతో కట్టిన అపార్ట్‌మెంటు, కింద బేస్‌మెంటు లేదు. ఫోన్ అరిస్తే లేచి పిల్లాడిని బాత్‌టబ్‌లో కూర్చోబెట్టి మీద పరుపు కప్పాం. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. టోర్నడో మా వైపు రాలేదు. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తెల్లవార్లూ మెసేజ్‌లే. "మార్చి మొదటి వారమే కదన్నా, ఇంకా సీజన్ రాలేదు కదా" అని ఒక తమ్ముడు, "అందరూ సేఫేనా, ఒక్కసారి చెప్పండి" అని ఇంకెవరో అక్క. మన తెలుగువాళ్ళలో చాలామంది ఇక్కడ ఉండేది ఇలాంటి పై అంతస్తుల్లోనే, అద్దె కాస్త తక్కువని, పైన చప్పుడు ఉండదని. మొబైల్ హోముల వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళెవరో అనుకుంటాం. ఆ రాత్రి మాకూ వెళ్ళడానికి చోటు లేదు.

మర్నాడు అపార్ట్‌మెంటు ఆఫీసులో అడిగితే, అన్నిటికన్నా కింది అంతస్తులో లోపలి గదిలోకి వెళ్ళమని రాసి ఉన్న కాగితం చేతిలో పెట్టారు. కింది అంతస్తులో ఉన్నవి వేరేవాళ్ళ ఇళ్ళు. ఆ వారమే మా కింద, మొదటి అంతస్తులో ఉండే ముసలి దంపతుల తలుపు తట్టాను. అప్పటిదాకా మెట్ల దగ్గర నవ్వుకోవడమే తప్ప పేర్లు కూడా తెలియవు. సంగతి చెప్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏ రాత్రైనా వచ్చి తలుపు కొట్టండి, మా హాల్లో బాత్‌రూము మీదే అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అలర్టు వచ్చినప్పుడల్లా కిందికి వెళ్ళాం. మాకు దొరికిన షెల్టరు ఒక మనిషి మంచితనం. కింది అంతస్తులో అలాంటి మనిషి దొరకనివాళ్ళ సంగతేమిటి?

నాష్‌విల్, కుక్‌విల్ స్పందన గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సాయానికి వచ్చిన జనం ఎంత ఎక్కువయ్యారంటే కుక్‌విల్‌లో అధికారులు కొంతమందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. రంపాలు, గ్లవ్స్, నీళ్ళ సీసాలు పట్టుకుని కాలేజీ పిల్లలు వీధి వీధీ ఊడ్చారు. మనవాళ్ళూ వెళ్ళారు, పులిహోర పొట్లాలు పట్టుకుని కొందరు, చెక్కులతో కొందరు. అదే సమయంలో నార్త్ నాష్‌విల్‌లో, తరతరాలుగా నల్లజాతి కుటుంబాలు ఉంటున్న వీధుల్లో, ఇళ్ళ మీద టార్పాలిన్ కప్పకముందే భూమి కొంటామంటూ వచ్చిన మనుషులున్నారు. ఇన్సూరెన్స్ లేని ముసలమ్మకు ఆ చెక్కు ఎంత ఆశ పెడుతుందో చెప్పక్కర్లేదు. అక్కడి సంఘాలు ఇంటింటికీ తిరిగి అమ్మకండి, ఆగండి అని చెప్పాల్సి వచ్చింది. ఇంకో వారం తిరిగేసరికి కోవిడ్ వచ్చింది, ఊరి దృష్టంతా అటు వెళ్ళిపోయింది.

కుక్‌విల్ నా వాదనకు కాస్త ఎదురు నిలిచే ఊరు. అక్కడ కూలినవి ఎక్కువగా మామూలు కుటుంబాల మామూలు ఇళ్ళే, ట్రైలర్లు కావు. హెచ్చరిక కూడా దాదాపు టోర్నడో నేలను తాకే వేళకే వచ్చింది. అంటే గట్టి ఇల్లున్నవాళ్ళు సురక్షితం, లేనివాళ్ళు మాత్రమే పోతారు అని నేను అనలేను. పునాదికి సరిగా బిగించని ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఈఎఫ్-4 ముందు నిలవదు. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, అసలు చోటు గురించిన ప్రశ్న మొబైల్ హోముల్లో మొదలై అందరి ఇళ్ళ దాకా వస్తుందని. టెన్నెస్సీలో వచ్చే టోర్నడోల్లో దాదాపు సగం రాత్రివే, ఆ లెక్కలో ఈ రాష్ట్రానిదే దేశంలో మొదటి స్థానం. అర్ధరాత్రి లేచిన మనిషికి ఆలోచించే టైమ్ ఉండదు. పక్కనే, పది అడుగుల్లో, ముందే తెలిసిన చోటు ఉండాలి.

మా అమ్మకు ఇదంతా ఫోన్లో చెప్తే ఆవిడ కొత్తగా విన్నట్టు వినలేదు. అమ్మ పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాటికి పదేళ్ళ పిల్ల. "రేడియోలో గాలివాన అని చెప్పార్రా. చెప్తే ఎక్కడికి పోతాం? ఊరంతా తాటాకిళ్ళు. డాబా ఉన్నోళ్ళు ఒక్కరో ఇద్దరో. ఆ డాబా మీదికి ఎక్కినోళ్ళం బతికాం" అంది. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు, అంతకన్నా చాలా ఎక్కువని ఆ ప్రాంతం వాళ్ళంటారు. రేడియో విని కూడా కదల్లేదని ఆ పదివేల మందినీ ఎవరూ నిందించలేదు. తీరమంతా తుపాను షెల్టర్లు కట్టారు. దిమ్మెల మీద లేచిన కాంక్రీటు భవనాలు, మామూలు రోజుల్లో బడిగానో, పెళ్ళిళ్ళకో వాడుకునేవి. 1990 మే నెలలో అంత బలమైన తుపానే కృష్ణా, గుంటూరు తీరాలను కొట్టింది. ఈసారి లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యిలోపు. వెయ్యి తక్కువేమీ కాదు, 1996లో కోనసీమలో మళ్ళీ వెయ్యికి పైగా పోయారు కూడా. షెల్టర్లతో అన్నీ తీరిపోయాయని అనను. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న మనుషులు ఎవరో కట్టిన గోడల మధ్య కూర్చుని బతికారు.

తుపానుకి రోజుల వ్యవధి ఉంటుంది, టోర్నడోకి నిమిషాలే, రెండూ ఒకటెలా అవుతాయని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే. లారీలు పెట్టి ఊరు ఖాళీ చేయించడం టోర్నడోకి కుదరదు. అందుకే ఇక్కడ చోటు ఇంకా దగ్గరగా ఉండాలి. మూడు మైళ్ళ అవతల ఫైర్ స్టేషన్‌లో ఉంటే లాభం లేదు, మొబైల్ హోం పార్కు లోపలే ఉండాలి. ఇదేమీ గాల్లో మేడ కాదు. మిన్నెసోటాలో 1988 మార్చి తర్వాత లైసెన్సు తీసుకున్న, పది ఇళ్ళో అంతకన్నా ఎక్కువో ఉన్న పార్కుల్లో షెల్టర్ ఉండాలని చట్టం ఉంది. టోర్నడోలకు జనం పోవడంలో మిన్నెసోటాకూ దక్షిణాదికీ పోలికే లేదు, అయినా అక్కడ చట్టం ఉంది. అలబామా ఉత్తర భాగంలో 2011 ఏప్రిల్ టోర్నడోల తర్వాత ఫెడరల్ నిధులతో చాలా ఊళ్ళలో కమ్యూనిటీ షెల్టర్లు వచ్చాయి. చేయాలనుకుంటే చేయొచ్చు.

ఖర్చు ఎవరు పెట్టాలన్నది నిజమైన ప్రశ్న. చౌకని మొబైల్ హోములో ఉండటం వాళ్ళ నిర్ణయం, దానికి మేమెందుకు పన్ను కట్టాలి అనేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మనవాళ్ళలో కూడా. ఆ పార్కుల్లో చాలామందికి ఇల్లు సొంతం, కింద నేల మాత్రం పార్కు యజమానిది. నెల నెలా ఆ నేలకు అద్దె కడతారు. అద్దె తీసుకునేవాడికి, వాళ్ళు రాత్రిపూట ప్రాణాలు దక్కించుకునే ఒక గది ఇచ్చే బాధ్యత ఉండకూడదా? అగ్నిమాపక నిబంధనలు పెట్టినప్పుడు హోటల్లో దిగడం నీ నిర్ణయం కదా అని ఎవరూ అనలేదు. మంటల్లోంచి తప్పించుకునే మెట్లు హోటల్ యజమానే కట్టించాడు.

మన సంఘాల గురించి కూడా ఒక మాట. ఎక్కడ ఏ ఆపద వచ్చినా మన తెలుగు సంఘాలు ఫండ్ పెడతాయి, గంటల్లో డబ్బు పోగవుతుంది. ఆ మంచి మనసు మీద నాకు గౌరవం ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో మన గుళ్ళు, కమ్యూనిటీ హాళ్ళు కూడా వరసగా లేస్తున్నాయి. ప్లాను గీసేటప్పుడే అందులో ఒక హాలు, లేదంటే కనీసం బాత్‌రూములున్న భాగం, గంటకు 250 మైళ్ళ గాలిని తట్టుకునే ఫెమా (ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ) సేఫ్ రూం ప్రమాణాలతో కట్టమని కమిటీని అడగండి. మామూలు గది కన్నా ఖర్చవుతుంది, గోపురానికి పెట్టేంత కాదు. కట్టాక దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అర్ధరాత్రి టోర్నడో వాచ్, అంటే టోర్నడో రావచ్చన్న ముందస్తు సూచన, పడితే ఎవరు వచ్చి తలుపు తీస్తారో, చుట్టుపక్కల ట్రైలర్ పార్కుల వాళ్ళకు ఆ తలుపు తమ కోసం కూడా తెరుస్తారని ఎవరు వెళ్ళి చెప్తారో కూడా ఆ మీటింగులోనే తేల్చుకోండి. ఈ పని నవంబరు, డిసెంబరుల్లోనే మొదలవ్వాలి. మా కమిటీ దగ్గర నేను ఈ ప్రతిపాదన పెట్టాను. పార్కింగ్ తర్వాత చూద్దాం అన్నారు. వచ్చే మీటింగులో మళ్ళీ పెడతాను.